బాలుని అవధానము – విద్యాలయ ధర్మము
(స్మారకోపన్యాసము)



ఈ స్మారకోపన్యాసము ఎవరి పేర నెలకొన్నదో ఆ ఉపాధ్యాయవర్యులు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో గణితము బోధించినవారు. తరగతిలో అడుగిడిన పిమ్మట కొంతసేపు ఊరక నిలిచి, చివరి బల్లమీది పిల్లవాని చూపు సైతము నల్లబల్లపై నిలిచిన తరువాతనే సుద్దముక్క చేతబట్టెడివారని వారి శిష్యులు నేటికిని చెప్పుకొందురు. పాఠముకంటె ముందు వారు సమకూర్చుకొన్న ఆ ఏకాగ్రతయే నేటి నా ప్రసంగవిషయము. ఏలయన, సమాజము విద్యాలయమునకు అప్పగించిన నిక్షేపములలో బాలుని అవధానమును మించినది లేదనియు, ఆ నిక్షేపమును నేడు పరుల పాలు చేయుచున్నవారిలో మన విద్యాలయములును ఉన్నవనియు నా దృఢవిశ్వాసము.

యంత్రమును ద్వేషించువాడనని నన్ను తలపవలదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములను ప్రసారము చేసిన ‘సైట్’ ప్రయోగమున ఆంధ్రప్రదేశ్ పల్లెలును చేరియుండెను; ఉదయమున బడిపిల్లలకును, సాయంకాలమున ఊరివారికందఱకును ఒక్కటే తెర. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ప్రసారములు ఎందఱో నిరుపేద విద్యార్థులకు పాఠములు వినిపించినవి. ఆ తెరకు వేళ యుండెను, హద్దుండెను. పాఠము ముగిసినంతనే అది ఊరకుండెడిది. అన్నిటికంటె ముఖ్యముగా, తన్ను చూచువాడెవడో దానికి తెలియదు. నేడు బాలుని అరచేతిలోనున్న తెర అట్టిది కాదు. ఏ దృశ్యముపై వాని వ్రేలు ఎన్ని క్షణములాగినదో, దేనిని రెండవమారు చూచెనో, దేనిని త్రోసివేసెనో, ఇదియంతయు లెక్కగట్టి, వానిని మఱికొంతసేపు నిలుపగల దృశ్యమును వాడు కోరకమునుపే ముందుంచుట సామాజిక మాధ్యమ సంస్థల వృత్తి; వారి ఆదాయము ప్రకటనలవలనను, ప్రకటనల విలువ చూచువారు నిలిచియుండు కాలమువలనను ఏర్పడుచున్నది గనుక, పిల్లవాడు లేచి ఆటకు పోవుట వారికి నష్టము. పాఠమునకై తెఱచిన ఫోనే రీలునకును తెఱచుకొనును. 2024 నాటి ‘అసర్’ (వార్షిక విద్యాస్థితి నివేదిక) సర్వేననుసరించి మన దేశపు గ్రామములలోని 14–16 ఏండ్ల బాలబాలికలలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడుక తెలియును. వారిలో అంతకుముందు వారము దానిని చదువునకై వాడినవారు నూటికి 57 మంది కాగా, సామాజిక మాధ్యమములకై వాడినవారు 76 మంది.

ఇట్టి ఆకర్షణకు పెద్దలమే లొంగుచుండగా, పసివానిని నిగ్రహము వహింపుమనుట న్యాయమా? మన జాతికి అవధానవిద్య యొకటి కలదు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది అని పృచ్ఛకులు నలుదెసల ముసరగా, నడుమనడుమ గంటలు మ్రోగుచుండగా, అప్రస్తుతప్రసంగి పనిగట్టుకొని చిత్తమును చెదరగొట్టుచుండగా, చెదరని ధారణతో అవధాని పద్యములు పూరించి చివరకు అన్నిటిని ఒప్పజెప్పును. అయితే ఆయన నేరుగా పృచ్ఛకుల నడుమకు రాలేదు. ఏండ్లకొలది గురుసన్నిధిని ఛందోవ్యాకరణములను అభ్యసించి, ఏకాంతమున మనస్సును నిలుపుట నేర్చిన పిమ్మటనే సభకెక్కెను. అవధానములతో తెలుగుదేశమునెల్ల అలరించిన తిరుపతి వేంకటకవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు ఉపాధ్యాయులై విశ్వనాథ సత్యనారాయణగారివంటి శిష్యులను తీర్చిదిద్దినవారని స్మరించినప్పుడు, ఆ విద్యకును బడికిని గల బాంధవ్యము నాకు మఱింత స్పష్టముగా తోచును. మనమో, ధారణ యలవడని పదేండ్ల బిడ్డను సరాసరి అప్రస్తుతప్రసంగుల నడుమ కూర్చుండబెట్టి, తడబడినంతనే ఆ బిడ్డనే నిందించుచున్నాము.

ఇక విద్యాలయముల వంతు చెప్పవలెను. వాట్సాప్‌వారి నియమము ప్రకారము 13 ఏండ్లు నిండనివారు దానిని తమంతట తాము వాడరాదు. అయినను, అనేక పాఠశాలలయందు నాలుగవ తరగతి బాలుని ఇంటిపని సైతము తరగతి వాట్సాప్ గ్రూపులోనికే వచ్చుచున్నది. కూలికిపోయిన తండ్రి ఫోనుతో ఇల్లు చేరువఱకు ఒక పిల్లవాడు గడపలో ఎదురుచూచును. ఇంట ఫోనున్న పిల్లవాడు ఇంటిపని చూచుటకని తీసికొన్నదానిని రాత్రి ప్రొద్దుపోవువఱకు విడువడు. నోటుపుస్తకములో నాలుగు పంక్తులు వ్రాయించిన తీరిపోవు పనికి ఇంత అనర్థమేల? మార్కులు వచ్చిన పిల్లల ముఖములను, వార్షికోత్సవమున ఆడిన బాలికల నృత్యములను, ప్రవేశముల ప్రచారమునకై ఫేస్‌బుక్కునందును ఇన్‌స్టాగ్రామునందును వెదజల్లువారు, అవి ఎవరి చేతబడునో, ఎట్లు వికృతమగునో ఆలోచించిరా? ఉపాధ్యాయుని స్థితియు దయనీయమే. హాజరునకు యాప్, మధ్యాహ్నభోజనమునకు యాప్, నిన్నమొన్నటివఱకు మరుగుదొడ్ల ఫొటోలకును యాప్. పాఠము చెప్పవలసిన తొలిగంటలో ఫోను చేతబట్టుకొని, సిగ్నలు అందక ఆవరణమంతయు తిరుగు గురువును చూచి శిష్యుడు ఏమి నేర్చుకొనును? ఈ భారమును మోపినవారు బోధనాకాలమును లెక్కలోనికి తీసికొనకుండుట నాకు మిక్కిలి ఖేదము కలిగించుచున్నది.

పిల్లలను ఈ తెరనుండి కాపాడుటకు శాసనములు కొన్ని వచ్చినవి. ఫ్రాన్సు 2018లోనే ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలలో సెల్‌ఫోను వాడుకను నిషేధించెను. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లలోపువారికి ప్రధాన సామాజిక మాధ్యమములలో ఖాతాలుండరాదు. నియమభంగమునకు శిక్షను పిల్లలకు గాక సంస్థలకు విధించుట ఆ శాసనమందలి వివేకము. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారి నడవడిని వెంబడించి గమనించుటను, వారిని గుఱిచేసి ప్రకటనలు చూపుటను కూడదన్నది. ఇవి మేలైనవే. కాని భయము పేరిట ఆడపిల్ల చేతి ఫోనును లాగికొని తమ్ముని చేతిలో పెట్టు ఇండ్లలో ఏ శాసనము ప్రవేశింపగలదు? అది రక్షణ కాదు, పక్షపాతము. అపాయము ఇద్దఱకును ఉన్నది, చదువును ఇద్దఱకును కావలెను.

ప్రధానోపాధ్యాయులారా, వచ్చు జూనులో బడి తెఱచిన మొదటి దినముననే ఇంటిపనిని నల్లబల్లపై వ్రాయించుడు. వాట్సాప్ గ్రూపును పెద్దల మధ్య సమాచారమునకే పరిమితము చేయుడు. తల్లిదండ్రుల వ్రాతపూర్వకమైన అంగీకారము లేక ఏ విద్యార్థి ముఖమును బయట ప్రకటింపకుడు. తల్లిదండ్రులారా, రాత్రి భోజనవేళ ఇంటిలోని ఫోనులన్నిటిని, మీవాటితో సహా, ఒకచోట నుంచి, నాటి పాఠమేమో చెప్పుమని బిడ్డను అడుగుడు. విద్యాధికారులు ప్రతిదినము తొలి రెండు పీరియడ్లలో ఉపాధ్యాయుని ఏ యాప్‌నకును కట్టివేయకుండ ఉత్తరువు వెలువరింపవలెనని ఈ వేదికనుండి సవినయముగా కోరుచున్నాను.