బల్లులు – రూపభేదములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన పంచాంగములలో బల్లి పడిన ఫలములు అంగాంగమునకు వేర్వేరుగా వ్రాయబడియున్నవి గాని, పడిన బల్లి ఏ జాతిదో ఎవరును అడుగలేదు. లెక్కలు వ్రాయువాడనగుటచే నాకిది పెద్ద లోపముగా తోచును. ఏలయనగా బల్లి ఒక్కటి కాదు.

మన ఇంటి బల్లుల గణమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హెమిడాక్టిలస్, అనగా అర్ధాంగుళి. వ్రేళ్లక్రింద అడ్డపట్టీలు, వానిమీద కంటికి కానరాని సన్నని రోమములు ఉండుటచే అది నిలువు గోడను పట్టుకొనును. 2010లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన బన్సల్, కారంత్ అను పరిశోధకులు ఈ గణమున ఒక శాఖ మన దేశముననే పలు జాతులుగా విస్తరించినదని జన్యుపరీక్షలచే చూపిరి. చెట్లను, బండలను ఆశ్రయించినవి కొన్ని పెద్దవైనవి. వానిలో ఒకటి ఇంచుమించు జానెడుండును. 1871లో స్టోలిచ్కా అను పండితుడు దానిని వర్ణించినది మన గోదావరి ఒడ్డున, దిగువనున్న భద్రాచలము చెంత దొరికిన బల్లులను చూచియే! నేలకు దిగినవి చిన్నవైనవి. వాని వ్రేళ్ల పట్టీలు తగ్గినవి. ఇట్లు నేలకు దిగుట పలుమార్లు, వేర్వేరు శాఖలలో జరిగినదని 2020లో ఆ సంస్థవారే ప్రకటించిరి.

సింధు దేశపు లావుతోక బల్లి కథ మరియు వింత. దాని రూపము ఎంత మారినదనగా, పండితులు దానిని చిరకాలము వేరు ఖాతాలో వ్రాసిరి. 2008లో జన్యుపరీక్ష దానిని తిరిగి ఈ గణపు ఖాతాకే చేర్చినది.

భాగవతమున నృగమహారాజు కర్మవశమున ఊసరవెల్లి యయ్యెను. ప్రకృతిలో మాత్రము ఏ బల్లియు తనంత తాను మారదు. పిల్లలలో స్వల్పభేదములుండును, తావునకు తగినవి మిగిలి సంతానము కనును. లక్షల ఏండ్లకు ఆ భేదమే రూపమగును. కరేబియను సముద్రమున క్యూబా, జమైకా మొదలగు దీవులలో అనోలిస్ అను తొండజాతి విషయముననూ ఇదే జరిగినది: నేలకు దగ్గరగా మ్రానులపై తిరుగువానికి పొడవు కాళ్లు, సన్నని రెమ్మలపై ప్రాకువానికి పొట్టి కాళ్లు.

మన బల్లులలో విషముకలది ఒక్కటియు లేదు; అయినను కొత్తరూపము కనబడగానే కొట్టి చంపుచున్నారు. అది యట్లుండగా, ఇచ్చట బొగ్గుకొరకు ఉపరితల గనులు త్రవ్వుచున్నారు, కరీంనగరము వైపు గ్రానైటుకొరకు గుట్టలు కోయుచున్నారు. వెలుగు మనకును కావలెను, కాదనను. కాని రాళ్లక్రింది తావు పోయిన నేలబల్లికి మన ఇంటిగోడ ఆశ్రయము కాజాలదు. గోడ నెక్కుటకు చాలిన పట్టీలు దాని వ్రేళ్లకు ఎన్నడో తగ్గిపోయినవి.