ముక్కు చుట్టుప్రక్కల ఎముకలలో కణితులు

అరకు సంతలో ఒక ప్రక్క చెంప ఎత్తుగా ఉన్న పిల్లవాడు కనబడినచో, పంటిపోటు కాబోలునని మనము తలంతుము. తఱచుగా అది నిజమే. పంటి వాపు కొలది దినములలో పొంగును, నొప్పిపెట్టును, జ్వరము తెచ్చును. నొప్పి లేక, ఏండ్ల తరబడి, గట్టిగా, ఒక ప్రక్కనే పెరుగునది మాత్రము ఎముకయే కావచ్చును.

ముక్కు చుట్టునుగల ఎముకలలో సైనసులను గాలిగదులు కలవు. వాని వెనుక మెదడు ఆనియుండు పుఱ్ఱె అడుగుభాగము. దాని సన్నని రంధ్రములగుండ కంటినరము పోవును. కనుక ఇచ్చట కణితి కాన్సరు కాకున్నను, చూపునకు చేటు తేవచ్చును.

ఇట్టి కణితులు అరుదు. ఆస్టియోమా దంతమువలె గట్టిది. నుదుటి సైనసులో ఎక్కువగా పుట్టును. బాధ లేనిచో కనిపెట్టియుండిన చాలును. ఫైబ్రస్ డిస్‌ప్లేషియాలో ఎముకకు మారుగా నారవంటి కండ పెరుగును. గర్భములో పిండము పెరుగునప్పుడు ఒక జన్యువులో కలిగిన మార్పు దీనికి కారణము. ఇది తల్లిదండ్రులనుండి రాదు, బిడ్డలకు పోదు. కోడలిని నిందించు అత్తగారలు ఈ మాట వినవలెను! ఆసిఫయింగ్ ఫైబ్రోమాకు స్పష్టమైన అంచు ఉండును. దానిని సాధారణముగా పూర్తిగా తీసివేయుదురు.

చివరి రెంటిని వేఱుచేయుటలోనే చిక్కున్నది. ముక్క కోసి సూక్ష్మదర్శినిలో చూచినను ఒక్కొకప్పుడు రెండును ఒకటిగానే తోచును. మామూలు ఎక్స్‌రేలో ఎముకలు ఒకదానిపై నొకటి పడి కనబడును. 1971లో తొలిసారి రోగికి తీసిన సి.టి. స్కాను ఈ కొఱత తీర్చినది. అందులో డిస్‌ప్లేషియా గరుకుటద్దమువలె మసకగా, అంచు తెలియక చుట్టుఎముకలో కలిసిపోవును. ఎం.ఆర్.ఐ. ఒక్కటే చూచినచో దీనిని కాన్సరని భ్రమపడవచ్చును. బొమ్మ స్పష్టముగా నున్నచో ముక్క కోయుట తఱచు అనవసరము. ఆ ఎముక కోసిన రక్తము బాగుగా కారును. చూపు చెడనిచో కంటినరము చుట్టు ముందుగా చెక్కుటయు తగదు. రేడియేషను అసలే కూడదు. దానివలన కాన్సరుగా మాఱు ప్రమాదము పెరుగును.

అనంతగిరి ఘాటు దిగి విశాఖపట్టణము పెద్దాసుపత్రికి వచ్చుట కూలి పోగొట్టుకొనుటయే యని మే మెఱుగుదుము. కావున ఒక్క రాకతోనే పని జరుగునట్లు పిల్లవాని పాత ఫొటో వెంట తెండు. బడిలో తీసినదైనను, ఆధార్ కార్డుమీది బొమ్మయైనను చాలును. ఉబ్బు ఎప్పుడు మొదలైనదో, ఎంత మెల్లగా పెరిగినదో తల్లి చెప్పలేకున్నను అది చెప్పును. స్కాను ఫిల్ములనుగూడ తెండు. రిపోర్టు కాగితము మాత్రము తెచ్చి, ఫిల్ములను ఇంటి దూలమున చెక్కి వచ్చువారును కలరు.