చదువుకు దారి, తలకు నీడ

(పూండిలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పూండి జలాశయము 1944లో నిర్మింపబడినది. కండలేరు నుండి బయలుదేరిన కృష్ణాజలములు 1996లో ఎల్ల దాటి తమిళనాట ప్రవేశించినవి. సుమారు 177 కిలోమీటర్ల కాలువ వెంట ఇచ్చటికి చేరి, చెన్నపట్టణపు దాహము తీర్చుచున్నవి. నీటికి పారుటకు కాలువ, నిలుచుటకు చెరువు, రెండును కావలెనని మన మెరుగుదుము. కాని చదువుకై ఊరు విడుచు పిల్లలకు దారి బత్తెము చేతబెట్టి, వారు నిలుచు నీడను గూర్చి తలంపకున్నాము. నేటి మా మనవి దానిని గూర్చియే.

మన పిల్లలకు ఉన్నత విద్యకు దిక్కులు రెండు: తిరుపతి, చెన్నపట్టణము. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లా నుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. పిమ్మట 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్ర విద్యాలయములలో నూటికి 85 స్థానములను స్థానికులకు కేటాయించుటతో తిరుపతి దారి మనకు ఇరుకైనది. ఇక చెన్నపట్టణమునకు తిరువళ్లూరు నుండి రైళ్లున్నవి. కాని పల్లె పిల్ల తెల్లవారక మునుపే బస్సెక్కి, దీపములు పెట్టిన పిమ్మట ఇల్లు చేరుచున్నది. కొన్నాళ్లకు తల్లిదండ్రులు భయపడి చదువు మాన్పించుచున్నారు.

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి అంగడిలో కూర్చుంటిమి. ఫీజు కట్టలేక కాదు, పట్టణమున తలదాచుకొను చోటు దొరకక. గదికి అడిగిన అడ్వాన్సు నాటి మా తండ్రిగారి శక్తికి మించినది.

పూర్వము పేద విద్యార్థులు వారములు చెప్పుకొని, రోజున కొక యింట భుజించి చదివిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి తల్లి ఒంగోలున పూటకూళ్లిల్లు నడిపి కుమారుని చదివించినది. ఆ కుమారుడు 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రి ఆయెను. చదువు వెనుక అన్నము, వసతి ఉండునని పెద్దలు గ్రహించిరి.

ఐరోపా దేశములును ఈ పాఠమే నేర్చుచున్నవి. 1987లో ఎరాస్మస్ పథకముతో విద్యార్థులను దేశాంతరము పంప నారంభించినవి. పట్టభద్రులలో నూటికి 20 మందియైన పరదేశమున కొంతకాలము చదువవలెనని 2009లో లూవెన్‌లో మంత్రులు సంకల్పించిరి. అయినను చదువుకొన్న కలవారి బిడ్డలే హెచ్చుగా వెళ్లుచున్నారు. అద్దె భరింపలేనివారు వెనుకబడుచున్నారు. ఫ్రాన్సు విద్యార్థుల వసతి భోజనములకై 1955లోనే చట్టము ద్వారా ప్రత్యేక సంస్థల నేర్పరచినది.

ప్రభుత్వము సాయము చేయుటలేదా యని కొందరందురు. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన బాలికలకు 2022 నుండి నెలకు 1000 రూపాయలు లభించుట మంచిదే. అది పుస్తకములకు, ప్రయాణమునకు సరిపోవునే గాని అద్దెకు చాలదు.

కావున చెన్నపట్టణమున మన సంఘము ఒక యిల్లు అద్దెకు తీసుకొనవలెను. నూరు కుటుంబములు నెలకు నూరేసి రూపాయలిచ్చినచో పదివేలగును. అడ్వాన్సు సొమ్ము వర్తకులమగు మేము వడ్డీ లేక పెట్టుదుము. మొదట బాలికలకు, వారిలోను కూలిజేయు కుటుంబముల వారికి చోటీయవలెను. కులము అడుగరాదు. ఇచ్చుకొనగలవారు పూర్తి అద్దె ఈయవలెను. లెక్కలు నెలనెల ఈ సభలోనే చదువవలెను.

వచ్చు సమావేశమునకు ప్రతి గ్రామము నుండి చదువుకై వెళ్లదలచిన పిల్లల పేరులు, వారి బస సంగతి వ్రాసి తెండు. ఆ పట్టిక చేతికందిన నాడే ఇల్లు వెదకుట కారంభింతము.