ఆ రూపాయి ఎక్కణ్ణించి వచ్చింది?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో అధ్యక్షురాలి ప్రసంగం)



లెక్కలన్నీ పుస్తకంలో ఉన్నాయి, మళ్లీ చదవను. దూబగుంట రోశమ్మ గారి గురించి చెప్తాను. కొత్తగా చేరిన పిల్లలకు ఆ పేరే తెలియదని మొన్న ఒక సంఘం మీటింగులో తెలిసి బాధేసింది.

ఆమెది నెల్లూరు జిల్లా దూబగుంట. పదవి లేదు, పెద్ద చదువు లేదు. 1990ల మొదట్లో ఆ జిల్లాలో అక్షరాస్యత కోసం రాత్రిబడులు నడిచాయి. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టేవాళ్లు. అక్షరాలతో పాటు లెక్కా మొదలైంది. కూలి ఎంత, ఇంటికి చేరేదెంత, సారా కొట్టుకు పోయేదెంత అని. అప్పట్లో ప్రభుత్వమే పాటలు పెట్టి సారా అమ్మించేది. మంచినీళ్లు లేని ఊళ్లకు కూడా సారా ప్యాకెట్లు చేరేవి.

దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా ఆపించారు. ఆ కథే చదువు పుస్తకంలో పాఠమైంది. అది చదివిన పక్క ఊళ్లవాళ్లూ లేచారు. 1992లో సారా పాటలకు అడ్డం నిలబడితే అవి వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో మొత్తం మద్యానికే నిషేధం పెట్టారు. రెండేళ్లకు ఎత్తేశారు, అది వేరే బాధ.

మనకు కావలసిన ముక్క ఇది. సారా ఆగాక రోజుకో రూపాయి దాచడం నెల్లూరులో ఊపందుకుంది. పొదుపులక్ష్మి అన్నారు దాన్ని. మన పొదుపు పుస్తకానికి అది అమ్మమ్మ అనుకోండి.

ఇక మన సంగతి. ఈ ఏడు కంతు కట్టనివాళ్ల పేర్లు మినిట్స్ పుస్తకంలో రాశాం, జరిమానా వేశాం. ఎందుకు కట్టలేదో రాయలేదు. ఒకామె నాతో విడిగా చెప్పుకుని ఏడ్చింది. లోను డబ్బు ఇంటికి తెచ్చిన రాత్రే మొగుడు లాక్కుని బెల్టు షాపుకు పోయాడంట. మీటింగులో చెప్తే పరువు పోతుందని నోరు విప్పలేదంట. మనం ఆమెను మొండి బకాయి అన్నాం. నేనూ అన్నాను. తప్పే.

అందుకని ఒక తీర్మానం పెడుతున్నాను. వచ్చే నెల నుంచి కంతు తప్పితే ముందు కారణం అడగాలి. ఆమె ఒప్పుకుంటే సంఘం మొత్తం కలిసి ఆ ఇంటికి పోయి మాట్లాడాలి. అప్పటిదాకా జరిమానా ఆపాలి. పుస్తకం ఆ చివరి వరస నుంచి వస్తుంది, సంతకాలు పెట్టండి. ఇష్టం లేనివాళ్లు లేచి చెప్పండి, వింటాం.