ఒకే నమూనా పడవలు – వేర్వేరు వేగాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గౌతమీ తీరాన వెలసిన యానాంలో పడవ ఎరుగని ఇల్లు అరుదు. ఎదుర్లంక వైపు వంతెన నిర్మాణానికి పూర్వం రేవు దాటిన తరానికి పడవ నిత్యావసరం. మత్స్యకార కుటుంబాలకు నేటికీ అదే జీవనాధారం. ఇటువంటి ఊరి బడిలో ఒక ప్రశ్న సహజంగానే పుడుతుంది. ఒకే కొలతలు, ఒకే ఇంజను గల రెండు మరపడవలలో ఒకటి దూసుకుపోగా రెండవది వెనుకబడడం ఎందువల్ల?

మొదటి కారణం నీటి స్వభావమే. వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లు, దానికి కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లు అవుతుంది. ఈ లెక్కన ఇంజను శక్తిని రెట్టింపు చేసినా వేగం నాలుగో వంతు కంటె కొంచెమే ఎక్కువ పెరుగుతుంది. పడవ లేపే అలలు సైతం శక్తిని హరిస్తాయి. 1870లలో ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రూడ్ నమూనా ఓడలను నీటి తొట్టెలో లాగించి, ఈ అలల నిరోధానికీ పడవ పొడవుకూ గల సంబంధాన్ని వివరించాడు. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ నీటిమట్టం వద్ద 25 అడుగుల పొడవుంటే, దాని సహజమైన హద్దు గంటకు సుమారు 12 కిలోమీటర్లు. చదునైన అడుగు గల తేలిక పడవ తగినంత శక్తి దొరికితే నీటి ఉపరితలంపైకి లేచి ఆ హద్దును దాటుతుంది.

ఆ లేవడానికి ప్రధాన శత్రువు బరువు. 100 లీటర్ల పెట్రోలు బరువే దాదాపు 74 కిలోలు. దానికి నలుగురు మనుషులు, తడిసిన వలలు తోడైతే, నిన్న లేచిన పడవ నేడు లేవకపోవచ్చు. అడుగున పట్టిన నాచు, గుల్లలు మరికొంత వేగాన్ని మింగుతాయి. ప్రొపెల్లరు పాత్రా తక్కువది కాదు. 17 అంగుళాల పిచ్ గల ప్రొపెల్లరు ఒక చుట్టుకు 17 అంగుళాలు ముందుకు సాగాలి గాని, నీరు జారిపోవడం వల్ల అంత దూరం సాగదు. పిచ్ మితిమీరితే ఇంజను తన పూర్తి చుట్లను అందుకోలేదు. మరీ తగ్గితే ఇంజను వృథాగా తిరుగుతుంది. ఒక ఆకు అంచు వంగినా, ఇంజనును బిగించిన ఎత్తు, కోణం మారినా ఫలితం మారుతుంది. వేడి గాలి పలుచన కావడం వల్ల మండు వేసవిలో ఇంజను బలం కొంత తగ్గుతుంది.

ఇక కొలతలోని తేడా. నిశ్చల జలంలో గంటకు 20 కిలోమీటర్లు పోయే పడవ, 3 కిలోమీటర్ల ప్రవాహంలో వాలుకు 23, ఎదురుకు 17 చూపుతుంది. ఒకవైపు మాత్రమే కొలిచి చెప్పిన అంకె అర్ధసత్యం. రెండు వైపులా కొలిచి వేగాల సగటు తీయాలి. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే మాత్రం సుమారు 19.5 వస్తుంది. ఎందుకో కనుగొనడం గణిత విద్యార్థులకు చక్కని అభ్యాసం.

ఇది కేవలం పందెపు ముచ్చట కాదు. నిశ్చల జలంలో గంటకు 12 కిలోమీటర్లు పోయే లాంచీ, 8 కిలోమీటర్ల ప్రవాహానికి ఎదురుగా ఒడ్డు దృష్ట్యా 4 కిలోమీటర్లే కదులుతుంది. బరువు పెరిగి ఆ 12 కాస్తా 10 అయితే మిగిలేది 2. అనగా తగ్గిన వేగం ఆరో వంతే అయినా, ముందుకు సాగే శక్తి సగమై పోయింది. వరద గోదావరి ఎంత బలీయమో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటక లాంచీ మునిగి, పలు కుటుంబాలు తమ వారిని కోల్పోయిన నాడు లోకానికి తెలిసింది.

కనుక అమ్మకపు పత్రంలోని అంకెను చూచి పడవను నమ్మరాదు. ఆ వేగం ఎంత బరువుతో, ఏ ప్రొపెల్లరుతో, ఎటువంటి నీటిలో కొలిచినది? ఈ బడిలో చదివిన బిడ్డ రేవులో కాలు పెట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగగలిగితే, ఇక్కడ నేర్పిన భౌతిక శాస్త్రం సార్థకమైనట్లే.