ఆట ఆడుట, ఆట కట్టుట
(తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



"అయ్యా, మా పిల్లవాడు వీడియో ఆటలు విడుచుట లేదు" అని మీలో పలువురు మాతో మొరపెట్టుకొనుచున్నారు. ఆ మొరను మేము త్రోసివేయము. కాని ఆటలన్నియు ఒక్క జాతివి కావు. ఇతరులు వేసిన దారిలో పరుగెత్తించునవి కొన్ని. దారిని నీవే వేయుమని పిల్లవానికి అప్పగించునవి కొన్ని. ఈ రెండవ జాతిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఇది మనకు బొత్తిగా క్రొత్త కాదు. 2021 వరకు మన జిల్లాలోనే యుండి, ఇప్పుడు విజయనగర జిల్లాలో చేరిన హంపిలో, రాతి పలకలపై చెక్కిన ఆటల గీతలు నేటికిని కానవచ్చును. ఎవరో గీసిరి, ఎందరో ఆడిరి. పులిజూదమునకు నేలపై గీతలు, 3 పులులు, 15 మేకలు ఉన్న చాలును.

కంప్యూటరు ఆటలలోను ఈ పద్ధతి పాతదే. 1983లో వెలువడిన లోడ్ రన్నర్ అను ఆటతోపాటు, ఆడువాడే క్రొత్త లెవెల్ కట్టుకొను సాధనము నిచ్చిరి. జపాను దేశపు నింటెండో సంస్థ 2015లో సూపర్ మారియో మేకర్‌ను, 2019లో దాని రెండవ భాగమును వెలువరించెను. అందలి నియమమొకటి మెచ్చదగినది. తాను కట్టిన లెవెల్‌ను తానే ఆడి గమ్యము చేరనిదే, దానిని లోకమునకు పంపుటకు వీలులేదు. తాను దాటలేని గోతిని ఇతరుల దారిలో త్రవ్వరాదన్నమాట.

ఆ ఆటకు ప్రత్యేక యంత్రము కావలెను. అది మనలో అనేకులకు అందనిది. చింత వలదు. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ వారు 2007లో వెలువరించిన స్క్రాచ్ ఉచితము. కంప్యూటరులో ఒకసారి చేర్చుకొన్న పిమ్మట ఇంటర్నెట్ లేకున్నను పనిచేయును. దానితో పిల్లలు ఆటలను తామే కూర్చుకొనవచ్చును.

ఆరంభము కాగితముమీద జరుగవలెను. గళ్ల కాగితముపై బయలుదేరు చోటు, చేరవలసిన చోటు గుర్తించి, నడుమ ఒకే ఒక ఆటంకము నుంచవలెను. ఆ ఆటంకమును మొదట అపాయము లేని చోట చూపి, పిదప అపాయమున్న చోట పెట్టవలెను. ఇది మేము తరగతిలో లెక్కలు నేర్పు వరుసయే. పిమ్మట తోటి బాలునిచేత ఆడించి, కట్టినవాడు నోరు మెదపక చూడవలెను. ఆడువాడు ఎక్కడ తికమకపడునో అక్కడ సవరింపవలెను.

ఇందు మన భాషకు సంబంధించిన విషయమొకటి కలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమేర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు చేరినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు తగిన సౌకర్యము కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణమున చెప్పుచున్నది. కాని పాఠమున్నంత మాత్రమున భాష నిలువదు. ఆ భాషలో చేయవలసిన పని యుండవలెను. ఆట నియమములను తెలుగున వ్రాయుట అట్టి పని. వాక్యము తప్పినచో ఆడువాడు దారి తప్పును. వ్రాసినవానికి తన తప్పు వెంటనే తెలియును. ఆ నియమములనే కన్నడమున కూడ వ్రాసినచో, పొరుగింటి బాలుడును వచ్చి ఆడును.

ఇతరులతో పంచుకొనునపుడు జాగ్రత్త అవసరము. పిల్లవాని అసలు పేరు, ఫోటో, ఇంటి చిరునామా, బడి పేరు అందుండరాదు. పంపినది శాశ్వతముగా నుండునని కూడ నమ్మరాదు. మొదటి మారియో మేకర్‌కు క్రొత్త లెవెళ్లు పంపు వసతి 2021 మార్చిలో ఆగిపోయెను. కనుక కాగితపు ప్రతిని ఇంట భద్రపరుపుడు.

తల్లిదండ్రులారా, మీరు చేయవలసినది స్వల్పము. వారమున కొక దినము అరగంట కేటాయించి, మీ బిడ్డ కట్టిన ఆటకు మొదటి ఆటగాడు మీరే కండు. ఓడినను సిగ్గుపడకుడు, ఎందుకు ఓడితిరో తెలుగున చెప్పుడు. ఆ మాటలు విని బిడ్డ తన ఆటను దిద్దుకొనిన నాడు, మీ ఇంట ఒక మంచి పాఠము జరిగినట్లే.