బయలుపరచుట – బయటపెట్టుట

బైబిళ్లు దగ్గరుంటే రెండు చోట్ల వేలు పెట్టుకోండి. ఆమోసు 3వ అధ్యాయము 7వ వచనము, సామెతలు 11వ అధ్యాయము 13వ వచనము.

దేవుడు తాను చేయబోవు సంగతిని ముందుగా తన ప్రవక్తలకు తెలియజేస్తాడని ఆమోసులో చదువుతాము. అక్కడ మన తెలుగు బైబిలు వాడిన మాట ‘బయలుపరచుట’. సామెతలలో కొండెములు చెప్పుకొంటూ తిరిగేవాడున్నాడు. వాడు చేసే పనికి ‘బయటపెట్టుట’ అన్నారు. మొదటిది ప్రసంగ పీఠము మీది మాటలాగా, రెండవది వీధి కుళాయి దగ్గరి మాటలాగా వినబడుతుంది. అయితే హెబ్రీ భాషలో రెండు చోట్లా ఉన్నది ఒకే క్రియ, ‘గాలా’. కప్పినదానిని తెరచుట అని దాని భావము. దాని ప్రక్కనున్న ‘సోద్’, అనగా ఆంతరంగిక సంగతి, గుట్టు, అదికూడా ఒకటే. దేవుడు చేసే పనికీ కొండెగాడు చేసే పనికీ ఒకే మాటా అని నేను మొదట కలవరపడ్డాను.

దేవుడు బయలుపరచేది తన సొంత సంగతి. కొండెగాడు బయటపెట్టేది పరులది. బయలు అంటే నలుదిక్కులా కనబడే ఖాళీ స్థలము కదా! మన గుట్టును మనమే అక్కడికి తెచ్చుకొంటే ఒక గుడ్డ కప్పి తెచ్చుకొంటాము. పరులు ఈడ్చుకొస్తే ఆ గుడ్డ కూడా మిగలదు.

నేను సేవకు వచ్చిన తొలి దినాలలో ఒక సహోదరుడు రాత్రివేళ మా యింటికి వచ్చాడు. బస్సు నడిపేవాడనుకోండి. జేబులో హెచ్.ఐ.వి. పరీక్ష కాగితము. భార్యకింకా చెప్పలేదన్నాడు. ఇద్దరము మోకరించాము. శుక్రవారము ఉపవాస కూటములో మనవులు చెప్పే సమయాన, పేరు లేకుండానే, “బస్సు నడిపే మన సహోదరుడొకడు చెప్పుకోలేని జబ్బుతో నలిగిపోతున్నాడు” అన్నాను. అందరూ కన్నీటితో ప్రార్థించారు. ఆదివారము బల్లారాధనలో గిన్నె ఆయన దగ్గరికి రాకముందే ప్రక్కవారు జరిగి కూర్చున్నారు. తరువాతి వారము వారు రాలేదు.

ఇంటికి వెళ్లాను. ఆయన భార్య గుమ్మములోనే, “అయ్యగారూ, మీరు పేరు చెప్పలేదంట. మన సంఘములో బస్సు నడిపేవాళ్లు ఎంతమందండీ? నా భర్త నోట వినవలసిన మాట నేను కుళాయి దగ్గర విన్నాను” అన్నది. ఆయన ప్రక్కన కూర్చుండి, భార్యకు ఆయనే చెప్పుకొనేటట్లు ధైర్యము చెప్పవలసినవాడిని నేను. 2017లో మన దేశములో చేసిన చట్టము ప్రకారము, నమ్మి చెప్పిన మనిషి హెచ్.ఐ.వి. సంగతి అతని వ్రాతపూర్వకమైన సమ్మతి లేకుండా బయటపెట్టకూడదు. నాకైతే సామెతలు అప్పటికే చేతిలో ఉన్నది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పసిబిడ్డ మీద ఎవరైనా చెయ్యి వేశారని తెలిస్తే, సంఘము పరువు అని మూసిపెట్టకండి. అది గుట్టు కాదు, నేరము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరవలసినదే. ఆ బిడ్డ పేరు మాత్రము ఊరిలో ఎవరి నోటా రాకూడదు.

మత్తయి మొదటి అధ్యాయములో యోసేపును చూడండి. మరియ గర్భవతి అని తెలిసింది, కారణము తెలియలేదు. ఆ స్థితిలోనూ ఆమెను నలుగురిలో నిలబెట్టడానికి అతనికి మనసొప్పలేదు. తరువాత అసలు సంగతి దేవుడే అతనికి తెలియజేశాడు, అదీ కలలో, ఒంటరిగా ఉన్నప్పుడు.

ఇప్పుడు మా కూటములో ఎవరైనా పరుల మనవి ఎత్తితే, “చెప్పమని వారు నీతో అన్నారా?” అని అడుగుతాము. లేదంటే మౌనముగా ప్రార్థిస్తాము. కొందరికిది నచ్చదు.

ఆ సహోదరుడు మరల మా మందిరానికి రాలేదు. మందులు వాడుకొంటూ, భార్యతో కలిసి వేరొక సంఘములో ఉన్నాడు. ఈ సంగతి రేడియోలో చెప్పవచ్చునా అని మొన్న ఫోనులో అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. “చెప్పండి అయ్యగారూ, నా పని మాత్రము మార్చి చెప్పండి” అన్నాడు.

ప్రార్థన చేసుకొందాము.